మాటను సరిదిద్దు ఈక్వలైజరు

దూరపు టెలిఫోనులో గొంతు వినబడినను మాట తెలియకపోవుట కలదు. ఏల? పొడవైన తీగలో హెచ్చు పౌనఃపున్యములు ఎక్కువగా క్షీణించును. 'స', 'శ' వంటి హల్లుల గుర్తులు వానియందే యుండును. 1887లో ఆలివర్ హెవిసైడ్, తీగకు ప్రేరకత్వమును చేర్చినచో ఈ వికృతి తగ్గునని గణితముచే చూపెను.

మరియొక ఉపాయము ఈక్వలైజరు. తీగ 300 హెర్ట్జుల తరంగమును సగమునకు, 3000 హెర్ట్జుల దానిని నాలుగవ వంతునకు తగ్గించెననుకొందము. వర్ధకముతో రెండింటిని పెంచినను వాని నిష్పత్తి మారదు. కనుక ప్రేరకములు, కెపాసిటర్లు, నిరోధములుగల వలయముచే మొదటిదానిని మరల సగము చేయుదురు. ఇప్పుడు రెండును సమానములు. వర్ధకము నాలుగు రెట్లు పెంచగా పూర్వరూపము వచ్చును.

'సమము చేయునది' యను పేరు దానికి ఇట్లు వచ్చినది. ఇరువదవ శతాబ్దిలో ఈ పద్ధతియే రేడియోకు, సినిమాకు, గ్రామఫోను రికార్డులకు ఉపకరించినది.