పంపుసెట్టు ఇంజను బైకెక్కితే: గవర్నర్ లెక్కలు

ఇంట్లో తయారుచేసుకున్న డీజిల్ మోటారు సైకిలు మీద యాక్సిలేటర్‌ను 4 డిగ్రీలు తిప్పండి. జనరేటర్ కోసం చేసిన గవర్నర్‌ను అలాగే వదిలేసి ఉంటే, ఆ 4 డిగ్రీల్లోనే ఇంజనుకు పడే డీజిలు సున్నా నుంచి నిండుకు వెళ్లిపోతుంది. గుంతలో చక్రం పడితే మణికట్టు అంతకంటే ఎక్కువే కదులుతుంది. బండి ఒకసారి ఎగిరి దూకడం, మరుక్షణం ఎవరో వెనక్కి లాగినట్టు కుదుపు, వెనకాల నల్లటి పొగ... వీటికి చాలామంది నాజిల్‌నో పంపునో తిట్టుకుంటారు. అసలు సంగతి స్ప్రింగులో ఉంది.

కర్ణాటకలోని తొండేభావి చుట్టుపక్కల, అంటే గౌరిబిదనూరు నుంచి ఇటు బాగేపల్లి, చింతామణి దాకా, పాత డీజిలింజన్లు పని లేకుండా పోవడానికి కారణం నీళ్లే. పైన పెట్టిన పంపు బావిలోంచి నీటిని పీల్చగలిగేది వాస్తవంలో 25 అడుగులకు అటూ ఇటూ. నీళ్లు వెయ్యి అడుగులు దాటి బోర్లలోకి దిగిపోయాక కరెంటు సబ్‌మెర్సిబుల్ మోటారు తప్ప దారి లేదు. షెడ్డులో మిగిలిన ఇంజనును చూస్తే చేతులు ఊరుకోవు కదా!

అయితే ఏ ఇంజనైనా పనికిరాదు. కిర్లోస్కర్ ఏవీ1 తీసుకోండి. 80 మిల్లీమీటర్ల బోరు, 110 స్ట్రోకు, 553 సీసీ, నిమిషానికి 1500 చుట్ల దగ్గర 5 హార్స్‌పవర్. నీళ్లు తోడడంలో దానికి తిరుగులేదు గానీ, బైకుకు ఆ బరువూ ఆ ఫ్లైవీలూ అచ్చిరావు. 1990లలో మద్రాసు ఎన్‌ఫీల్డ్ వాళ్లు డీజిల్ బుల్లెట్‌కు వాడింది గ్రీవ్స్-లొంబార్డిని ఇంజను. 78 బోరు, 68 స్ట్రోకు, 325 సీసీ, 3600 చుట్ల దగ్గర 6.5 హార్స్‌పవర్. బండి బరువు దాదాపు 200 కిలోలు, వేగం 65 దాటితే గొప్ప, మైలేజీ మాత్రం లీటరుకు 70 పైమాటే. కాలుష్య నిబంధనలు బిగిశాక ఆ బండి ఆగిపోయింది. ఇప్పుడు సొంతంగా ఇంజను మార్చి రోడ్డెక్కుదామంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది: తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కాబట్టి ఈ లెక్కలు పొలం గట్టుకీ, పాత డీజిల్ బుల్లెట్లు ఉన్నవాళ్లకీ.

పెట్రోలు బండిలో యాక్సిలేటర్ గాలిని అదుపు చేస్తుంది. డీజిలింజనులో గాలికి అడ్డు ఉండదు. పంపులోని రాక్ ఎంత కదిలితే అంత డీజిలు పడుతుంది. ఆ రాక్‌ను కదిపేది మన చెయ్యి కాదు, గవర్నర్. ఇంజనుతో పాటు తిరిగే వెయిట్లు బయటికి విచ్చుకుంటూ డీజిలు తగ్గించాలని చూస్తాయి, స్ప్రింగు దాన్ని పెంచాలని లాగుతుంది. యాక్సిలేటర్ కేబులు లాగేది ఆ స్ప్రింగునే. అంటే మనం వేగం అడుగుతాం, దానికి ఎంత డీజిలు కావాలో గవర్నర్ తేల్చుకుంటుంది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి తగిలించిన గుండ్ల సూత్రమే ఇది.

ఇక అంకెల్లోకి దిగుదాం. వెయిట్లు రెండూ కలిపి 100 గ్రాములు, అవి తిరిగే వ్యాసార్ధం 25 మిల్లీమీటర్లు, క్రాంకు వేగంలో సగం వేగంతో తిరుగుతున్నాయనుకుందాం. ఇంజను 1000 చుట్ల మీద స్లోలో ఉన్నప్పుడు అవి నెట్టే బలం 0.7 కిలో. 3000 దగ్గర 6.3 కిలోలు. 3600 దగ్గర 9 కిలోలు. వేగం మూడున్నర రెట్లు కాగానే బలం 13 రెట్లయింది, ఎందుకంటే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. గొడవంతా ఇక్కడే పుడుతుంది. ఈ తరహా ఇంజనుతో నడిచే జనరేటర్‌కు ఎప్పుడూ 3000 చుట్లే కావాలి, 50 సైకిళ్ల కరెంటు కోసం. దాని స్ప్రింగు ఆ ఒక్క చోట బాగుంటే చాలు. బైకుకు 1000 నుంచి 3600 దాకా ప్రతిచోటా పని ఉంది.

లోడు పడితే గవర్నర్ ఉన్న ఇంజను కూడా కొంచెం వేగం తగ్గుతుంది, దాన్నే డ్రూప్ అంటారు. జనరేటర్‌కు 3000 దగ్గర అది 4 శాతం అనుకోండి, 120 చుట్లు. వేగం 4 శాతం మారితే బలం 8 శాతం మారుతుంది, అంటే 6.3 కిలోల్లో అర కిలో. రాక్‌ను సున్నా నుంచి నిండుకు తీసుకెళ్లడానికి ఆ అర కిలో తేడా చాలు. చేతి పిడి మొత్తం 70 డిగ్రీలు తిరిగితే స్ప్రింగు బలం 0.7 నుంచి 9 కిలోలకు మారుతుంది. డిగ్రీకి 120 గ్రాములు. అర కిలోకు 4 డిగ్రీలు. మొదట్లో చెప్పిన అంకె ఇలా వచ్చిందే.

అదే అర కిలోను స్లోలో చూడండి. అక్కడున్నదే 0.7 కిలో, కనుక డ్రూప్ 30 శాతం దాటిపోతుంది. క్లచ్ వదలగానే ఇంజను నీరసించి ఆగిపోతుంది. పైన మరీ కట్టుదిట్టం, కింద మరీ వదులు. ఒకే స్ప్రింగుతో రెండూ కుదరవు. అందుకే వాహనాల గవర్నర్లలో తరచుగా స్లోకు పలచని చిన్న స్ప్రింగు, దాని తర్వాత అందుకునే పెద్ద స్ప్రింగు ఉంటాయి. పెద్దదానికి కొంచెం సందు వదిలి, కింద చిన్నదాన్నే పని చెయ్యనిస్తారు.

పైన కట్టుదిట్టం తగ్గించడానికి స్ప్రింగు మార్చక్కర్లేని ఉపాయం ఒకటుంది. కొన్ని ఇంజన్లలో గవర్నర్ లివర్‌కు వరసగా రంధ్రాలుంటాయి, స్ప్రింగు కొక్కెం వాటిలో ఒకదానికి తగిలించి ఉంటుంది. ఇరుసు నుంచి 30 మిల్లీమీటర్ల రంధ్రంలో ఉన్న కొక్కేన్ని 42కి మార్చితే, లివర్ మీద దాని బిగువు దూరం వర్గంతో పెరుగుతుంది, అంటే దాదాపు రెండింతలు. 4 శాతం డ్రూప్ 8 అవుతుంది. కేబులు లాగే పొడవును కూడా ఆ మేరకు తగ్గిస్తే 4 డిగ్రీలు 8 అవుతాయి. మణికట్టుకు ఊపిరాడుతుంది. జనరేటర్ మెకానిక్కు మాత్రం ఇది చెడగొట్టిన గవర్నర్ లాగే కనిపిస్తుంది. ఆయన కళ్లతో చూస్తే నిజమే.

ఇందులో పోగొట్టుకునేది ఎంత? మనిషితో కలిపి 275 కిలోల బండి, 20 మీటర్లకు మీటరు లేచే ఎత్తు, 40 కిలోమీటర్ల వేగం. చదునులో చక్రం దగ్గర ఒకటింపావు హార్స్‌పవర్ చాలు. ఎత్తులో ఇంకో రెండు కావాలి. కొత్త డ్రూప్‌తో బండి 40 నుంచి 37కు దిగి అక్కడ నిలబడుతుంది. మూడు కిలోమీటర్లు. నా మటుకు నాకు ఇది బేరంలో లాభమే.

ఇంజను ఊగడం వేరే జబ్బు. స్లోలో వేగం పెరుగుతూ తరుగుతూ ఉంటే చాలామంది వెంటనే స్క్రూ పట్టుకుంటారు. ముందు లింకులు విప్పి కడగాలి. మురికి పట్టి లివర్ కదలడానికి 200 గ్రాముల బలం అదనంగా కావాలనుకోండి. 3000 దగ్గర అది వేగంలో ఒకటిన్నర శాతం, పట్టించుకోనక్కర్లేదు. 1000 దగ్గర 14 శాతం. అంటే 140 చుట్లు మారేదాకా గవర్నర్‌కు తెలియనే తెలియదు, తెలిశాక అవసరానికి మించి సరిదిద్దుతుంది. ఈ ఊగిసలాట వెనకున్న గణితాన్ని 1868లోనే మాక్స్‌వెల్ గవర్నర్ల మీద రాసిన పత్రంలో విడమరిచాడు. మన మెకానిక్కులు కిరోసినూ బ్రష్షుతో అదే పని చేస్తారు.

నిండు డీజిలుకు హద్దు పెట్టే పొగ స్క్రూ సంగతి క్లుప్తంగా. తొండేభావి సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. మద్రాసుతో పోలిస్తే ఇక్కడి గాలి 6, 7 శాతం పలచన. అక్కడ సరిపోయిన నిండు డీజిలు ఇక్కడ నల్లపొగ అవుతుంది. రాక్ చివరి హద్దును ఆ మేరకు తగ్గిస్తే పవర్ పోదు, కాలని డీజిలు మిగులుతుంది.

గరిష్ఠ వేగం స్క్రూ మాత్రం ముట్టుకోకూడదు. 325 సీసీ ఇంజనులో 3600 చుట్ల దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 8.2 మీటర్లు. 4500కు పెంచితే 10.2. అది పెద్ద తేడాగా అనిపించదు గానీ కనెక్టింగ్ రాడ్డు మీద లాగుడు వర్గంతో పెరిగి 56 శాతం ఎక్కువవుతుంది. ఏవీ1ను 1500 నుంచి 2500కు తోసేవాళ్లకైతే 2.8 రెట్లు. పోత ఇనుము ఫ్లైవీలు అది ఓర్చుకుంటుందని నమ్మడం ప్రాణంతో పందెం. లింకు ఊడి ఇంజను దానంతటది రేసైపోతే తాళంచెవి పనిచెయ్యదు. స్టాప్ లివర్ లాగాలి, లేదంటే డీకంప్రెషన్ లివర్ ఎత్తాలి. అదీ కుదరకపోతే గాలి దారిని చెక్కతో మూసెయ్యాలి. చెయ్యి పెట్టకూడదు.

గవర్నర్ ఎంత బాగా కుదిరినా దాని చేతిలో లేని చోటు ఒకటుంది, దిగుడు. చక్రం చుట్టుకొలత 2 మీటర్లు, టాప్ గేరులో మొత్తం నిష్పత్తి 6.6 అయితే 65 కిలోమీటర్ల దగ్గర ఇంజను 3600 తిరుగుతుంది. దిగుడులో బండి 80 అందుకుంటే 4400. అప్పటికే గవర్నర్ డీజిలు పూర్తిగా ఆపేసి ఉంటుంది, అయినా చక్రమే ఇంజనును తిప్పుతుంది. ఆ వేగంలో ఇంజను బ్రేకు కోసమని మూడో గేరులోకి దించితే చుట్లు ఇంకా పెరుగుతాయి. ముందు బ్రేకు పట్టి 50కి తెచ్చుకుని, ఆ తర్వాతే గేరు మార్చాలి.