విదేశ వివాహము – వీసా మార్గ నిర్ణయము



ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు బోధించి విశ్రాంతి పొందినవాడను. సంధులను గూర్చియో సమాసములను గూర్చియో ప్రసంగింపుమన్నచో నాకు సుకరముగా నుండెడిది. కాని నేడు నేను చెప్పదలచినది వీసాను గూర్చి. ఇది పండితునకు తగిన విషయమా యని కొందఱకు తోచవచ్చును. మన పల్లెలలో సయితము పెండ్లిమాట వచ్చినచో జాతకముల వెనువెంటనే వినబడుచున్న మాట ఇదియే. పిల్ల యిక్కడ, పిల్లవాడు అమెరికాలో. పెండ్లి ముందా, ప్రయాణము ముందా యను ప్రశ్న వచ్చినప్పుడు ఇంటి పెద్దలు తెలియక యిచ్చు సలహా పిల్లల జీవితమునకే అడ్డు రావచ్చును. అట్టి సలహా నేనే ఇచ్చితిని. కావున ఈ ప్రసంగము కొంతవఱకు నా తప్పొప్పుకోలు.

మా కనిష్ఠపుత్రిక హైదరాబాదులో ఉద్యోగము చేయుచుండెను. ఆమెను వివాహమాడదలచిన యువకుడు అమెరికాలో పుట్టి పెరిగిన పౌరుడు. అతని తల్లిదండ్రులు గోదావరి తీరమునుండి వలసపోయినవారు. ఇరువైపుల పెద్దలకును సమ్మతమే. పెండ్లి అక్కడనే చేసికొందుమని నిశ్చయించుకొని, ఆ యువకుడు కాబోవు భార్యకై కె-1 అను వీసా కొఱకు పిటిషను పెట్టెను. నాలుగు నెలలు గడచినవి. అంతలో తొంబదియేండ్లకు చేరువైన మా తల్లిగారికి జబ్బు చేసినది. మనుమరాలి పెండ్లి చూచి కన్నుమూయవలెనని ఆమె కోరిక. బంధువులందఱు ఏకకంఠముగా, "ఇక్కడ శాస్త్రోక్తముగా పెండ్లి చేసివేయుము. రిజిస్టరు చేయింపకున్న చాలును. కాగితము లేనిది ఎవరికి తెలియును? వీసా దారిన వీసా వచ్చును" అనిరి. నాకును అది యుక్తముగానే తోచినది. పంచాంగము తీసి ముహూర్తము పెట్టితిని.

ఆ రాత్రి మా అమ్మాయి నా యొద్దకు వచ్చి, "నాన్నగారూ, ఏడవ అడుగు వేసిన తరువాత నేను భార్యనా, కాదా?" అని అడిగెను. నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఎందుకో తెలియవలెనన్న ముందు ఈ మార్గముల స్వరూపము తెలియవలెను.

మొట్టమొదట ఎఱుగవలసినది, అవతలివారు ఆ దేశమున ఏ హోదాలో నున్నారనునది. మనవారు "అమెరికా సంబంధము" అని ఒక్కమాటతో సరిపెట్టుదురు గాని, అందు ముఖ్యముగా మూడు తరగతులు కలవు. హెచ్-1బి వంటి తాత్కాలికోద్యోగ వీసామీద నున్నవాడు మొదటి తరగతి. అతని భార్య హెచ్-4 వీసాపై పోవలెను. అందుకు పెండ్లి ముందుగా జరిగితీరవలెను. గ్రీన్ కార్డు, అనగా శాశ్వత నివాసపు హక్కు గలవాడు రెండవ తరగతి. అతడు భార్యకై పిటిషను పెట్టవచ్చును గాని, అట్టి వీసాలకు ఏటేట పరిమితి కలదు. వరుస వచ్చువఱకు వేచియుండవలెను. పౌరుడు మూడవ తరగతి. పౌరుని భార్యకు గాని, పౌరురాలి భర్తకు గాని ఈ సంఖ్యాపరిమితి లేదు. కె-1 మార్గము పౌరులకు మాత్రమే తెఱచియున్నది. కాబట్టి వరుడు పౌరుడు కానిచో ఏది ముందను చర్చకే తావు లేదు, పెండ్లియే ముందు.

పౌరునకు రెండు ద్వారములు కలవు. ఇవి ఎట్లేర్పడెనో ఒక మాట చెప్పెదను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పరదేశములకు పోయిన అమెరికా సైనికులు అక్కడి స్త్రీలను వివాహమాడిరి. ఆ భార్యలను రప్పించుటకు 1945 డిసెంబరులో ఒక చట్టమును, ఇంకను పెండ్లికాని వాగ్దత్తలకై 1946లో మఱియొక చట్టమును చేసిరి. ఆ రెండవది కొద్దికాలమునకే పరిమితమైనది. వాగ్దత్తలకు స్థిరమైన మార్గము 1970లో ఏర్పడినది. అదియే కె వీసా.

ఇక మొదటి ద్వారము కె-1. పౌరుడు ఐ-129ఎఫ్ అను పత్రము సమర్పించును. ఇరువురును పెండ్లికి చట్టరీత్యా స్వేచ్ఛ గలవారై యుండవలెను. పిటిషను పెట్టుటకు ముందు రెండేండ్లలో ఒక్కమాఱైనను ముఖాముఖి కలిసియుండవలెను. ఫోనులో చూచుకొనుట కలయిక కాదు. పెండ్లికి ముందు వధూవరులు కలియరాదను దృఢాచారము గలవారికి మినహాయింపు కలదుగాని, దానిని నిరూపించుట సులభము కాదు. వీసా వచ్చి ఆ దేశమున అడుగిడిన నాటినుండి 90 దినములలో, పిటిషను పెట్టిన ఆ వ్యక్తినే వివాహమాడవలెను. ఈ గడువునకు పొడిగింపు లేదు. పెండ్లి కానిచో తిరిగి రావలెను. పెండ్లియైనంత మాత్రమున పని ముగియదు. ఐ-485 అను దరఖాస్తుతో శాశ్వత నివాసము కోరవలెను. అది తేలులోపల, వేఱుగా అనుమతి పొందనిదే ఉద్యోగము చేయరాదు. ప్రయాణానుమతి చేతికి రానిదే దేశము దాటరాదు. దాటినచో దరఖాస్తును వదలుకొన్నట్లే లెక్క. ఇంటివద్ద ఆపద కలిగినను తక్షణమే బయలుదేరుట కుదరదు. తల్లిదండ్రులు ఈ సంగతి మనసునం దుంచుకొనవలెను.

రెండవ ద్వారము పెండ్లియైనవారిది. వివాహము జరిగిన పిమ్మట పౌరుడు ఐ-130 అను పిటిషను పెట్టును. అది అంగీకృతమైనపిదప కాగితములు జాతీయ వీసా కేంద్రమునకు చేరును. అచ్చట రుసుములు, ఆదాయపత్రములు, జనన వివాహ పత్రములు, పోలీసు ధ్రువపత్రము సరిచూచి, సంభాషణకు తేదీ యిత్తురు. హైదరాబాదున అమెరికా కాన్సులేటు ఉన్నప్పటికిని, ఇట్టి వలస వీసాల సంభాషణ సాధారణముగా ముంబయిలో జరుగును. ఈ మార్గమున పోయినవారు ఆ దేశమున ప్రవేశించిన నాడే శాశ్వత నివాసులు. ఉద్యోగము చేసికొనవచ్చును, రాకపోకలకు వేఱే అనుమతి వేడనక్కఱలేదు. ప్రవేశించునాటికి పెండ్లియై రెండేండ్లు నిండనిచో అది సీఆర్-1. రెండేండ్ల షరతు గల కార్డు వచ్చును. నిండినచో ఐఆర్-1, షరతు లేదు. షరతు గలవారు ఆ రెండేండ్లు ముగియుటకు ముందు 90 దినములలో దంపతులిరువురు కలిసి ఐ-751 అను పత్రము దాఖలు చేయవలెను. ఇది మఱచి చిక్కులు పడినవారు కలరు.

ఖర్చు మాట. 2024 ఏప్రిల్ నాటి రుసుముల పట్టికను బట్టి చూచినచో, కె-1 మార్గమున పిటిషనునకు 675, వీసాకు 265, పిదప ఐ-485 దరఖాస్తునకు 1,440, వెరసి 2,380 డాలర్లు. రెండవ మార్గమున పిటిషనునకు 675, వీసాకు 325, ఆదాయపత్రముల పరిశీలనకు 120, కార్డునకు 235, వెరసి 1,355 డాలర్లు. వైద్యపరీక్ష, ప్రయాణములు వేఱు. రుసుములు మారుచుండును గనుక కట్టునాటి పట్టిక చూచుకొనవలెను. కాలము మాటయు నిట్టిదే. ఒకప్పుడు కె-1 త్వరితమైనదని ప్రతీతి. ఆ నెలల లెక్క ఏటేట మారును. పొరుగింటివారి నిరుటి యనుభవము మనకు ప్రమాణము కాదు.

రెండు మార్గములందును పౌరుడు భార్యను పోషింపగలనని నిరూపింపవలెను. శాశ్వత నివాసమిచ్చునప్పుడు, ఆ ప్రభుత్వము ప్రకటించు దారిద్ర్య రేఖకు సాధారణముగా 125 శాతము ఆదాయము చూపి, హామీపత్రమున సంతకము చేయవలెను. ఈ హామీ విడాకులతో సయితము తీరదు. వచ్చినవారు పౌరులగుటయో, 40 త్రైమాసికముల పని లెక్కకు వచ్చుటయో, దేశము విడిచిపోవుటయో, మరణమో సంభవించువఱకు అది నిలిచియుండును.

అయినచో కె-1 ఎవరికి తగినది? పెండ్లి అక్కడనే జరుగవలెనని నిశ్చయించుకొన్నవారికి తగును. ఇక్కడ వివాహము సాధ్యము కానివారికి అది అవసరము. ఒకే లింగమునకు చెందిన జంటల వివాహమును అమెరికా వలస శాఖ 2013నుండి గుర్తించుచున్నది. మన సుప్రీంకోర్టు 2023లో అట్టి వివాహమునకు గుర్తింపు నిరాకరించినది. అట్టివారికి కె-1 ఒక దారి. మఱియొక సందర్భము కలదు. పునర్వివాహము చేసికొను తల్లికి 18 ఏండ్లు దాటి 21 నిండని, పెండ్లికాని బిడ్డ యున్నాడనుకొందము. పెండ్లి ముందు చేసికొన్నచో, సవతి తండ్రి ఆ బిడ్డకై పిటిషను పెట్టలేడు. అందుకు బిడ్డకు 18 నిండకముందే ఆ వివాహము జరిగియుండవలెను. కె-1 మార్గమున మాత్రము 21 నిండని బిడ్డ కె-2 వీసాపై తల్లితో పోగలడు. తొందరపడి తాళి కట్టించినచో ఆ బిడ్డ యిక్కడ చిక్కువడును.

ఇక మా అమ్మాయి ప్రశ్నకు వచ్చెదను. 1955 నాటి హిందూ వివాహ చట్టమున 7వ సెక్షను, సప్తపది ఆచారముగా గల వివాహము ఏడవ అడుగుతో పరిపూర్ణమై బద్ధమగునని చెప్పుచున్నది. రిజిస్ట్రేషను దానికి సాక్ష్యము మాత్రమే. క్రియ జరుగక పత్రము మాత్రమున్నచో అది వివాహము కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టపఱచినది. క్రియ జరిగి పత్రము లేకున్నంత మాత్రమున పెండ్లి కాకపోదు. పెండ్లియైనదానికి వాగ్దత్తల వీసా చెల్లదు. ఫొటోలలో తాళి, తలంబ్రాలు కనబడినచో అధికారి ఆ వీసా నిరాకరించును. పెండ్లి కాలేదని చెప్పినచో అది అసత్యము. అసత్యముతో వీసా కోరినవారికి ఆ దేశమున జీవితకాల ప్రవేశనిషేధము కలుగవచ్చును. నిశ్చితార్థము, తాంబూలములు పుచ్చుకొనుట అడ్డు కావు. అవి యుద్దేశమునకు మంచి సాక్ష్యములు. అంతకు మించరాదు.

చట్టము మాట అటుంచి, ఎందఱి పెండ్లిండ్లలోనో ఆ ఏడు మంత్రములకు అర్థము చెప్పిన నేను, నా బిడ్డ పెండ్లిలో ఆ అడుగులకు అర్థము లేదందునా? "భార్యవే తల్లీ" అంటిని. "అయినచో అధికారి అడిగినప్పుడు నేనేమి చెప్పవలెను?" అనెను. ముహూర్తము పెట్టిన నేనే తలవంచుకొంటిని.

మఱునాడు అల్లుడు కాబోవు ఆ యువకునితో మాటాడితిమి. అతడు కె-1 పిటిషనును ఉపసంహరించుకొనెను. ముహూర్తము మార్చలేదు. పెండ్లి మా యింటనే జరిగినది. మా తల్లిగారు కుర్చీలో కూర్చుండి అక్షతలు వేసిరి. ఆ వారములోనే రిజిస్టరు చేయించి, ఐ-130 పెట్టించితిమి. నాలుగవ నెలలో మా తల్లిగారు పరమపదించిరి. ఆమె తల మనుమరాలి ఒడిలోనే యున్నది. పిమ్మట మా అమ్మాయి భర్తకు దూరముగా ఇంకొక యేడాదికి పైగా ఇక్కడనే యుండవలసివచ్చినది. మా తల్లిగారి కోరిక తీరినది. దాని వెల మా అమ్మాయి చెల్లించినది. ఇది సరియైన నిర్ణయమని అందఱికిని చెప్పజాలను. ఆమె తెలిసి చేసికొన్న నిర్ణయమని మాత్రము చెప్పగలను.

మఱి రెండు మూడు హెచ్చరికలు. వధూవరులలో ఒకరు హిందువులు కానిచో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము శరణ్యము. నోటీసు ఇచ్చి 30 దినములు వేచియుండవలెను గనుక, పదునైదు దినముల సెలవుపై వచ్చు వరునితో ఆ పని ముందుగా ఆలోచించుకొనవలెను. మన ఇంటిపేర్లు మఱియొక చిక్కు. బడి సర్టిఫికెట్టులో పొడియక్షరము, పాసుపోర్టులో పూర్తి పేరు, పెండ్లిపత్రములో వేఱొక వరుస యున్నచో సంభాషణనాడు నిలుపుదురు, ముందే సరిచేయించుడు. సందర్శకుల వీసాపై పోయి, పెండ్లి చేసికొని ఉండిపోవుదమను ఉపాయము చెప్పువారిని నమ్మవలదు. ఆ తలంపుతో పోవుటయే అసత్యమగును. వీసాకొఱకే దొంగపెండ్లి చేసికొన్నవారికి అక్కడ 5 ఏండ్ల వఱకు చెఱ, 2,50,000 డాలర్ల వఱకు జరిమానా కలదు.

దుష్యంతుని కొలువులో శకుంతల సత్యమే చెప్పినది. ఉంగరము లేక నిరూపింపలేకపోయినది. కావున ఉత్తరములు, ప్రయాణపు టిక్కెట్లు, ఫొటోలు భద్రముగా దాచుడు. ఉంగరము పోయినను శకుంతల కల్లలాడలేదు. కాగితములు చాలనిచో మఱల తెచ్చుకొనవచ్చును. ఒకమాఱు చెప్పిన అబద్ధమును మాత్రము వెనుకకు తీసికొనుట దుష్కరము.

పెద్దలారా, ముహూర్తము పెట్టుటకు ముందు పిల్లలను పిలిచి, ఏ పిటిషను ఎక్కడ నున్నదో అడుగుడు. అడిగిన పిమ్మటనే పంచాంగము తెఱవుడు.

సెలవు.