పెద్రో మార్టినెజ్ అంకెలు, అతని కాలము

ఒక క్రీడాకారుని ఘనతను అంకెలతో కొలువబూనినపుడు, ఆ అంకెలు ఏ కాలమున, ఏ ప్రత్యర్థుల యెదుట, ఏ మైదానమున సంప్రాప్తించినవో విచారింపక తీర్పు చెప్పుట అన్యాయము. బేస్‌బాల్ పిచర్లలో ఈ విషయమును పెద్రో మార్టినెజ్ గణాంకములంత విశదముగా చాటునవి అరుదు.

1971లో డొమినికన్ రిపబ్లిక్ దేశమున జన్మించి, 1992 మొదలు 2009 వరకు అమెరికా మేజర్ లీగులలో బంతి విసరిన ఈ బక్కపలుచని మనిషి 219 ఆటలు గెలిచి 100 ఓడెను. అయితే గెలుపోటములు పిచరు ఒక్కని చేతిలోనివి కావు. 2000 మే నెలలో టాంపా బే జట్టుపై అతడు పదునేడుగురు బ్యాటర్లను స్ట్రైకౌట్ చేసియు (మూడు స్ట్రైకులతో వెనుకకు పంపియు), తన జట్టువారు ఒక్క పరుగైనను సాధింపలేకపోవుటచే 1–0 తేడాతో ఓడవలసివచ్చెను.

అందుచే విజ్ఞులు మరియొక కొలతను ఆశ్రయింతురు. క్రికెట్టులో బౌలరు ఇచ్చిన పరుగులను వికెట్లచే భాగించి సగటు కట్టుట మనకు సుపరిచితమే. ఇచట ఫీల్డర్ల పొరపాట్లవలన వచ్చిన పరుగులను మినహాయించి, తక్కినవానిని తొమ్మిదిచే గుణించి, పిచరు విసరిన ఇన్నింగ్సులచే భాగింతురు; పూర్తి ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు గదా! 2000లో బోస్టన్ రెడ్ సాక్స్ పక్షమున పెద్రో 217 ఇన్నింగ్సులు విసరి ఇచ్చిన అట్టి పరుగులు 42. లెక్కింపగా సగటు 1.74.

ఈ అంకె విలువ దాని పరిసరములలో నున్నది. 1998లో మార్క్ మెగ్వైర్ 70, 2001లో బ్యారీ బాండ్స్ 73 హోమ్ రన్లు కొట్టిన ఆ రోజులు బ్యాటర్లకు స్వర్ణయుగము, పిచర్లకు గడ్డుకాలము. 2000లో పెద్రో ఆడిన అమెరికన్ లీగు పిచర్లందరి సగటు 4.91, పెద్రో తరువాతి స్థానమున నిలిచిన మహావీరుడు రోజర్ క్లెమెన్స్ సగటు 3.70, అనగా పెద్రో సగటునకు రెట్టింపు కంటె నధికము! 1968లో బాబ్ గిబ్సన్ సాధించిన 1.12 ఇంతకంటె చిన్న అంకెయే. కాని ఆ యేట గిబ్సన్ ఆడిన నేషనల్ లీగు సగటే 2.99, పిచర్ల ప్రాబల్యము మితిమీరినదని మరుసటి యేట వారు నిలుచు దిబ్బ ఎత్తును 15 అంగుళములనుండి 10 అంగుళములకు తగ్గించిరి. లీగు సగటును స్వీయ సగటుచే భాగించినచో గిబ్సన్‌కు 2.67, పెద్రోకు 2.82 వచ్చును. నా దృష్టిలో 2000 నాటి పెద్రోయే మిన్న.

ఒక్క సంవత్సరము మెరుపు కావచ్చునని శంకించువారికి జీవితకాలపు లెక్క కలదు. లీగు సగటును, మైదాన స్వభావమును గణించి, సామాన్య పిచరును 100గా నిర్ణయించు, అంకె పెరిగినకొలది మెరుగైన సూచికలో పెద్రో 154, అతని సమకాలికులలో క్లెమెన్స్ 143, ర్యాండీ జాన్సన్ 135, గ్రెగ్ మాడక్స్ 132. సగటుల వరకే చూచినచో మాడక్స్ 3.16తో జాన్సన్ 3.29 కంటె మెరుగు. పరిసరములను లెక్కించినంతనే వారి స్థానములు తారుమారైనవి.

మాడక్స్ పక్షమున చెప్పదగిన మాటయు లేకపోలేదు. ఆయన 5,008 ఇన్నింగ్సులు విసరి 355 ఆటలు గెలిచెను; పెద్రో విసరినవి 2,827 మాత్రమే. రెండు దశాబ్దములకు పైగా శరీరమును, నేర్పును నిలుపుకొనుటయు మహావిద్యయే. దీర్ఘయాత్రకు మాడక్స్‌నే కోరుదును. ఒక్క ఆట గెలువవలసి వచ్చినపుడు మాత్రము బంతిని పెద్రో చేతికే ఇత్తును. అతడు 3,154 మందిని స్ట్రైకౌట్ చేసి, గురితప్పిన బంతులచే మొదటి బేసునకు ఊరక పంపినది 760 మారులే. ఈ నిష్పత్తిలో తక్కిన మువ్వురును అతనికి వెనుకనే నిలిచిరి.

300 విజయములు గొప్ప పిచరునకు గీటురాయిగా చిరకాలము చెల్లుబాటైన ఆటలో, దానికి 81 విజయముల దూరమున ఆగిపోయిన పెద్రోను 2015లో, పరిశీలనకు వచ్చిన మొదటి యేటనే, 91.1 శాతము ఓట్లతో కూపర్స్‌టౌన్‌లోని కీర్తిమందిరమునకు ఎన్నుకొనిరి.