సమ్మర్ గార్డెనింగ్: మధ్యాహ్నం మొక్క తల వాల్చేసిందా? నీళ్లు పోసే ముందు ఈ ఒక్క పని చేయండి!

ఎండలు మండిపోతున్నాయి. ఉదయం కళకళలాడిన మిద్దె తోట మధ్యాహ్నం రెండింటికల్లా తల వాల్చేస్తోంది. అయ్యో పాపం అని వెంటనే బకెట్ ఎత్తుతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. వేసవిలో కుండీల్లో మొక్కలు చనిపోయేది నీళ్లు తక్కువై మాత్రమే కాదు.. ఎక్కువై కూడా!

వాడిపోయిందంటే దాహమేనా?

కాదు. ఎండ ఎక్కువగా ఉన్నప్పుడు ఆకుల నుంచి నీరు వేగంగా ఆవిరైపోతుంది. అంత వేగంగా వేర్లు నీటిని పైకి పంపలేవు. అందుకే మట్టి తడిగా ఉన్నా ఆకులు వాలిపోతాయి. బీర, సొర, మందార లాంటి పెద్ద ఆకుల మొక్కల్లో ఇది బాగా కనిపిస్తుంది. పొద్దు వాలాక అవే మళ్లీ లేచి నిలబడతాయి. ఇది తెలియక మళ్లీ మళ్లీ నీళ్లు పోస్తే మట్టిలో గాలి ఆడదు, వేర్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు కాబట్టి మొక్క ఇంకా వాడుతుంది. దాంతో ఇంకో చెంబు పోస్తారు. చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి పెంచిన మొక్కలు పోయేది ఇలాగే.

మరి ఏం చేయాలి? వేలు మట్టిలోకి రెండు అంగుళాలు దించి చూడండి. లోపల చల్లగా, తడిగా ఉంటే నీళ్లు అక్కర్లేదు. సాయంత్రం దాకా ఆగండి. పొడిగా ఉంటే మాత్రం మధ్యాహ్నమైనా సరే ఆలస్యం చేయొద్దు. కుండీని నీడలోకి జరిపి, చల్లటి నీళ్లు నెమ్మదిగా పోయండి. సాయంత్రమైనా, తెల్లారినా కోలుకోకపోతే సమస్య వేర్లలో ఉన్నట్టే లెక్క.

అసలు దెబ్బ వేర్లకే

వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత నీడలో, నేలకు సుమారు నాలుగు అడుగుల ఎత్తులో కొలిచేది. బయట 42 డిగ్రీలంటే, నేరుగా ఎండ పడే శ్లాబు అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. నేలలో ఉన్న మొక్క వేర్లు లోతుకు పోయి చల్లదనం వెతుక్కుంటాయి. కుండీలో ఆ అవకాశం లేదు. అడుగున శ్లాబు కాలుతుంటే, పక్కల నుంచి ఎండ కాలుస్తుంటే మధ్యలో వేరు ఉడికిపోతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీలు, నల్ల గ్రో బ్యాగుల్లో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. అందుకే వేసవిలో ఆకు కంటే ముందు కుండీని కాపాడుకోవాలి.

ఖర్చు లేకుండా ఇలా చేయండి

* కుండీ కింద రెండు ఇటుకలు పెట్టండి. శ్లాబు వేడి నేరుగా తగలదు, అడుగున గాలి ఆడుతుంది.
* కుండీలను దూరం దూరంగా కాకుండా దగ్గరగా చేర్చండి. ఒకదాని నీడ ఇంకోదానికి పడుతుంది. పెద్ద కుండీలు పడమర వైపు, చిన్నవి లోపల ఉంచండి.
* మట్టిపైన రెండు అంగుళాల మందాన ఎండుటాకులు, వరిగడ్డి లేదా కొబ్బరి పీచు పరవండి. కాండానికి మాత్రం ఆనకూడదు.
* గ్రో బ్యాగుల చుట్టూ పాత గోనెసంచి చుట్టండి.
* కూరగాయలు, ఆకుకూరలకు 50 శాతం షేడ్ నెట్ సరిపోతుంది. నెట్ లేకపోతే పాత కాటన్ చీర కట్టినా చాలు. మల్లెకు మాత్రం ఎండ కావాలి, దాన్ని నీడలో పెడితే పూత తగ్గిపోతుంది.

నీళ్లు ఎప్పుడు, ఎలా?

ఉదయం ఏడు గంటల లోపు పోయడం అన్నింటికంటే మంచిది. కుదరకపోతే ఎండ తగ్గాక పోయండి. డాబా మీద పైపులో, ట్యాంకులో నిలిచిన నీళ్లు కాగిపోయి ఉంటాయి. పైపులో మొదట వచ్చే వేడి నీటిని బకెట్‌లో పట్టి, చల్లారాక వాడండి.

ఇంకో సంగతి. బాగా ఎండిపోయిన కుండీలో నీళ్లు పోయగానే అడుగు నుంచి కారిపోతున్నాయా? అంటే మట్టి తడిసినట్టు కాదు. అంచుల వెంట జారిపోయాయని అర్థం. కోకోపీట్ ఎక్కువగా కలిపిన కుండీల్లో ఇది మామూలే. పది నిమిషాల తేడాతో రెండు మూడు విడతలుగా కొద్దికొద్దిగా పోయండి. చిన్న కుండీ అయితే నీళ్ల టబ్‌లో అరగంట ఉంచి తీయండి.

ట్యాంకర్ కొనుక్కునే ఇళ్లలో ప్రతి బకెట్టూ లెక్కే. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు మొక్కలకు వాడుకోవచ్చు. ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లలో మాత్రం లవణాలు ఎక్కువగా ఉంటాయి. రోజూ అవే పోస్తే ఆకుల అంచులు మాడతాయి.

ఈ తప్పులు వద్దు

* యూరియా లాంటి ఎరువులు ఇప్పుడు వేయొద్దు. అసలే నీరు అందని వేర్లను అవి ఇంకా దెబ్బతీస్తాయి.
* కుండీ మార్చడం, కొమ్మలు బాగా కత్తిరించడం వానలు పడేదాకా ఆపండి. మాడిన ఆకులు కూడా కింది ఆకులకు నీడనిస్తాయి.
* టమాటా పూత రాలుతోందని మందులు కొట్టొద్దు. పగలు 35 డిగ్రీలు దాటితే పూత నిలవకపోవడం సహజం. ఈ సీజన్‌లో బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర, బచ్చలి వేసుకుంటే మేలు.
* ఆకుల అడుగున సన్నటి గూడు, పసుపు చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి కావచ్చు. ముందు ఆకుల అడుగు భాగాన్ని నీటితో గట్టిగా కడగండి. తగ్గకపోతే లీటరు నీటిలో 5 మి.లీ. వేప నూనె, కొద్దిగా సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట మాత్రమే చల్లండి.

ఎండిపోయిందని పారేయకండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ వేడికి ఆకులన్నీ రాలిన గులాబీని, కరివేపాకును చూసి ఇక పోయిందనుకుంటారు చాలామంది. పీకేసే ముందు కాండాన్ని గోటితో కొద్దిగా గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా కనిపిస్తే ఆ మొక్క బతికే ఉంది. పైకొమ్మ ఎండినా మొదలు దగ్గర గీకి చూడాలి. అక్కడ పచ్చదనం ఉంటే నీడలో పెట్టి, మట్టి ఆరినప్పుడల్లా కాస్త నీళ్లు ఇస్తూ ఉండండి. తొలకరి పడ్డాక అదే మొదలు నుంచి కొత్త చిగురు వచ్చే అవకాశం ఉంది.