తాకి చేసే వైద్యంలో నీతి ప్రశ్నలు

వైద్యానికి కులం లేదని అంటావుంటారు. మాత్రలు రాసిచ్చే వైద్యం వరకు ఆ మాట కాసేపు ఒప్పుకుందాం. చీటీ రాయడానికి రోగిని ముట్టుకోనక్కర్లేదు. ఫిజియోథెరపీ అట్లా కుదరదు. పక్షవాతం వచ్చిన మనిషి చేతిని ఇంకో మనిషి తన చేతుల్లోకి తీసుకోవాలి. పట్టేసిన భుజాన్ని పట్టుకుని కొద్దికొద్దిగా లేపాలి. నడుం మీద, తొడ మీద వేళ్లు ఆనించి కండరం ఎక్కడ బిగుసుకుందో వెతకాలి. ఇది వారాల తరబడి సాగే పని. ఎవరు ఎవర్ని తాకొచ్చో తరతరాలుగా కులమే నిర్ణయించిన సమాజంలో ఈ వృత్తి నీతి గురించి రాస్తూ కులం ఊసెత్తకపోవడం ఎట్లా సాధ్యమైందో మాకు అర్థం కాదు.

అసలు ఈ వృత్తిలో నీతి నియమాలు పుట్టిందే తాకుడు దగ్గర. 1894లో లండన్‌లో నలుగురు స్త్రీలు 'సొసైటీ ఆఫ్ ట్రెయిన్డ్ మసూసెస్' అనే సంఘం పెట్టారు. మర్దన పేరుతో వ్యభిచారం సాగుతోందని అప్పట్లో అక్కడి వైద్య పత్రికలో పెద్ద గొడవ లేచింది. ఆ మచ్చ తమకు అంటకూడదని వాళ్లు కొన్ని కట్టుబాట్లు రాసుకున్నారు. డాక్టరు చెప్పందే మర్దన చేయకూడదు. మగవాళ్లకు ఒళ్లంతా మర్దన చేయకూడదు. రోగులకు మందులు అమ్మకూడదు. ఇవాళ బ్రిటన్‌లో ఉన్న ఫిజియోథెరపిస్టుల సంఘం దానికి వారసురాలే. మన దేశంలో ఫిజియోథెరపిస్టుల సంఘం 1955లో ఏర్పడింది. రోగి సమ్మతి, చాటు, రహస్యం కాపాడటం అనే పాఠాలు ఆ దారినే మన కాలేజీలకు వచ్చాయి. అవి అవసరమైన పాఠాలే. కాకపోతే వాటిలో ఉన్న భయం ఆడా మగా తాకుడు గురించి. పుట్టుకతో అంటే మైల సంగతి వాటికి తెలియదు.

మన ఊళ్లలో తాకే పనులన్నీ ఎవరివో గుర్తు చేసుకోవాలి. ఒళ్లు పట్టడం మంగలి పని. పురుడు పోయడం మంత్రసాని పని. చేతిలో ఉన్న ఆ విద్యకు చాకిరీ అని పేరుపెట్టారు. తెల్లకోటు, డిగ్రీ వచ్చాకనే అది థెరపీ అయింది.

తాకని వైద్యం ఏం చేస్తుందో అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఒక ఘటన చెప్పారు. 1929లో కథియవాడ్‌లో ఒక దళిత ఉపాధ్యాయుడి భార్యకు బాలింత జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దలు బతిమాలితే, రెండు రూపాయల ఫీజుకు హామీ దొరికితే, వాడ బయట చూస్తానని వచ్చాడు. బాలింతను, పసిగుడ్డును బయటికి తెచ్చారు. డాక్టరు థర్మామీటరు తీసి ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన భర్తకిచ్చాడు. భర్త భార్యకు పెట్టాడు. మళ్లీ అదే వరసలో వెనక్కి పోయింది. న్యుమోనియా అని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు, మళ్లీ చూడటానికి రాలేదు. ఆమె చనిపోయింది. ఆ డాక్టరు చదువుకున్నవాడే. తన వృత్తికి ఒక నీతి ఉందని తెలిసినవాడే. దాన్ని పక్కన పెట్టడానికి అతనికి ఏ జంకూ కలగలేదేమని అంబేద్కర్ బాధ.

ఇవాళ అట్లా చేస్తే నేరం. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఐదో సెక్షన్ అంటరానితనం కారణంగా ఆసుపత్రిలో చేర్చుకోకపోతే నెల నుంచి ఆరు నెలల జైలు అంటుంది. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ కూడా ఆసుపత్రుల్లోకి రానీయకపోవడాన్ని నేరాల్లో చేర్చింది. కానీ చట్టం చూసేది గుమ్మాన్ని. లోపలికి రానిచ్చాక వేళ్లు ఏం చేస్తున్నాయో అది చూడలేదు. ఒకరికి ఇరవై నిమిషాలు చేత్తో చేసి, ఇంకొకరికి కరెంటు పెట్టి పక్కకు వెళ్లిపోతే ఏ సెక్షన్ కింద కేసు పెడతాం? అందుకే వృత్తి నీతి కావాలి.

ఆ నీతిని అమృతలూరు ప్రాంతంలో పెట్టి చూద్దాం. కృష్ణా పడమటి డెల్టాలోని మండలం. 2022 దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. వరి కోసాక మినుము, మొక్కజొన్న. నాట్ల కాలంలో ఆడకూలీలు ముఠాలుగా ఎకరం ఇంతని గుత్తకు ఒప్పుకుంటారు. బురదలో నడుం వంచి వెనక్కి నడుస్తూ పొద్దస్తమానం నాటాలి. వాళ్లలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చే దళిత స్త్రీలు. నడుంనొప్పి, మోకాళ్ల నొప్పులు వాళ్లకు జబ్బులుగా కూడా లెక్కలోకి రావు. అట్లాంటి ఒక మనిషి తెనాలి వచ్చి థెరపిస్టు ముందు కూర్చుందనుకోండి. "రెండు నెలలు నడుం వంచొద్దమ్మా, రెస్టు తీసుకో" అంటాడు. పుస్తకం ప్రకారం అది రోగి మేలు. ఆమె లెక్కలో అది ఒక కారు పంట కూలి. రెస్టు తీసుకోలేదని తర్వాత ఆమెనే తిడతారు, చెప్పిన మాట వినని రోగి అని కేసు షీటులో రాస్తారు.

మా అభిప్రాయంలో ఇక్కడ నీతి మొదలయ్యేది ప్రశ్న దగ్గర. ఏం పని చేస్తావు, నాట్లు ఎప్పుడు, ఎన్ని రోజులు మానగలవు, బస్సు ఛార్జీ ఎవరిస్తారు? ఇవి అడక్కుండా పది సిట్టింగులు రాయడం వ్యాపారం. నడుంనొప్పికి అల్ట్రాసౌండు, టెన్స్ లాంటి కరెంటు వైద్యాలు ఇవ్వొద్దని 2016లో బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలే చెప్పాయి. వ్యాయామం చేయించమన్నాయి. ఇంటి దగ్గర చేసుకునే నాలుగు వ్యాయామాలు శ్రద్ధగా నేర్పితే ఆమెకు డబ్బూ మిగులుతుంది, కూలీ పోదు. సెంటరుకు మాత్రం నష్టం. ఆ నష్టం ఒప్పుకోవాలి.

సమ్మతి సంగతి ఇంకా చిక్కు. "చెయ్యి పెట్టి చూడొచ్చా?" అంటే "అట్టాగేనయ్యా" అంటుంది. తరతరాలుగా కాదనే అలవాటు లేకుండా చేసిన మనిషి అన్న "అట్టాగే" సమ్మతి అవుతుందా? నొప్పెడితే చెప్పమంటే చెప్పదు. కష్టం చేసే ఒళ్లు ఓర్చుకుంటుందిలే అని థెరపిస్టు ఇంకాస్త గట్టిగా వంచుతాడు. ఏం చేయబోతున్నామో ముందు తన చేతి మీద చేసి చూపించాలి. ఆపమంటే ఆపుతామని చెప్పి, ఒకసారి నిజంగా ఆపి చూపించాలి. ఆమె అప్పుడు నమ్ముతుంది. ఇక తోడు వచ్చింది ఆసామి అయితే? డబ్బు కట్టేది ఆయన, గదిలో నిలబడేదీ ఆయనే, "నాట్లకు లేస్తదా?" అని అడిగేదీ ఆయనే. జవాబు ఆయనకు చెప్పాల్సింది కాదు. "పరీక్ష చేయాలండీ, కాస్త బయట కూర్చోండి" అనడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు గానీ, అలవాటు కావాలి.

తిరగేసి చూస్తే, తాకే చెయ్యి దళితుడిదైతే? మాలో చాలామందిమి ఇంట్లో మొదట కాలేజీ గడప తొక్కినవాళ్లం. "మీ ఇంటిపేరేంటి బాబూ" అన్న ప్రశ్న ఎటు పోతుందో మాకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత "వేరే డాక్టరు లేరా" అంటారు. రోగికి ఎంచుకునే హక్కు ఉందని పుస్తకం చెప్తుంది. ఒక స్త్రీ తనకు స్త్రీ థెరపిస్టు కావాలంటే ఆ హక్కు ఇవ్వాల్సిందే. అది తన ఒంటి భద్రత కోసం. కులం చూసి మార్చమంటే ఆ హక్కు లేదని మేము అంటున్నాం. అది ఎదుటి మనిషిని మైల అనడం. ఈ జవాబు చెప్పాల్సింది ఆ కుర్రాడు కాదు, సంస్థ యజమాని. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కింద ఫిజియోథెరపీ కూడా ఉంది, వృత్తి ప్రవర్తనకు ప్రమాణాలు పెట్టే బాధ్యత జాతీయ కమిషన్‌ది. ఆ ప్రమాణాల్లో కులం అన్న మాట పేరుపెట్టి ఉండాలి.

ఇంకో చిక్కు పింఛనుది. 40 శాతం వైకల్యం ఉంటేనే సర్టిఫికెట్ పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు. భుజం బాగుపడితే శాతం తగ్గుతుందేమోనని ఒక మనిషి వ్యాయామం మానేస్తే ఆ మనిషిని మోసగాడందామా? శాతం వేసేది మెడికల్ బోర్డే అయినా బతిమాలేది థెరపిస్టునే. అబద్ధపు కొలత రాయకూడదు, ఇందులో మాకు సందేహం లేదు. కానీ చెయ్యి ఎంత లేస్తుందో రాసి ఊరుకోకుండా, ఆ చేత్తో మూట ఎత్తగలదా, కొడవలి పట్టగలదా అన్నది కూడా రాయాలి.

రాతకు ఎంత విలువుందో ఈ ప్రాంతానికి వేరే చెప్పాలా. అమృతలూరు పక్క మండలం చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. దెబ్బకూ మొదటి తీర్పుకూ మధ్య పదహారేళ్లు. అన్నేళ్లలో గాయాలు మానతాయి, జ్ఞాపకాలు చెదురుతాయి, కాయితం మిగులుతుంది. అత్యాచార నిరోధక నియమాలకు 2016లో చేసిన సవరణ ప్రకారం దాడిలో వచ్చిన వైకల్యం నూరు శాతమైతే 8,25,000 రూపాయలు, యాభై దాటితే 4,50,000, యాభై లోపైతే 2,50,000. కొట్టించుకున్న మనిషి మోచెయ్యి వంగకుండా వస్తే ఏ తేదీన ఎన్ని డిగ్రీలు వంగిందో, పిడికిలి బలం ఎంతుందో, ఎవరు కొలిచారో రాయాలి. దెబ్బ ఎట్లా తగిలిందన్న చోట ఆమె చెప్పిన మాటలే రాయాలి. తోడొచ్చినాయన "గట్టు మీద జారి పడింది" అంటే అది ఆయన చెప్పినట్టే రాయాలి, ఆమె చెప్పినట్టు కాదు. ఒక కాపీ ఆమె చేతికే ఇవ్వాలి.