దొంగ టేపు ఎక్కడ మొదలవుతుంది?

సూరత్‌లో గుజరాతీ పేపరు తిరగేసేవాళ్లకు ‘బూట్‌లెగర్’ అన్న మాట కొత్త కాదు. రాష్ట్రం ఏర్పడిన 1960 నుంచీ గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది. పక్కనే ఉన్న డామన్‌లో మాత్రం మందు దొరుకుతుంది. అలాంటి చోట్ల నుంచి చాటుగా సీసాలు తెచ్చి అమ్మేవాడు ఇక్కడ బూట్‌లెగర్. లింబాయత్‌లో, ఉధ్నాలో మగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ మన తెలంగాణ కుటుంబాలకూ ఈ మాట బాగానే అలవాటు. పొడుగాటి బూటులో, కాలి పక్కన సీసా దాచుకుపోయే అలవాటు నుంచి పుట్టిన అమెరికా మాట ఇది.

సంగీతంలోకీ ఇదే మాట వచ్చింది. పాడినవాళ్ల అనుమతి లేకుండా కచేరీని రికార్డు చేసి బయటికి వదిలితే అది బూట్‌లెగ్. మన భాషలో దొంగ టేపు అనుకోవచ్చు. పైరసీ వేరు, ఇది వేరు. మార్కెట్లో ఉన్న ఆల్బమ్‌కి నకలు తీసి అమ్మితే పైరసీ. దొంగ టేపులో ఉండేది మార్కెట్లోకే రాని పాట. ఆ రాత్రి, ఆ వేదిక మీద, ఒక్కసారి పాడినది. ఆల్బమ్‌లన్నీ కొనేసిన అభిమానే దానికోసం వెతుకుతాడు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, 2025 జనవరి 25, 26 తేదీల్లో బ్రిటిష్ రాక్ బృందం కోల్డ్‌ప్లే అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో పాడింది. ఒక్కో రాత్రి లక్ష మందికి పైగా వచ్చారు. రెండో రాత్రి కచేరీని హాట్‌స్టార్ ప్రత్యక్ష ప్రసారం చేసింది. ఇంట్లో కూర్చుని శుభ్రంగా చూసే వీలున్నా, స్టేడియంలో ఎటు చూసినా పైకెత్తిన ఫోన్లే. ఒకప్పుడు టేపు రికార్డరు కోటులో దాచుకుని వెళ్లి చేసిన పనిని ఇప్పుడు జనం బాహాటంగా చేస్తున్నారు.

అలా పట్టిన పాట ఇంటికొచ్చి వింటే ఎందుకు బాగుండదు? ఫోను మైకు మాట్లాడే గొంతు కోసం చేసింది. కచేరీ శబ్దం దాని శక్తికి మించినది. శబ్దం పెరిగినప్పుడల్లా ఫోను తనంతట తానే మైకు బలాన్ని తగ్గించుకుంటుంది. డ్రమ్ము మీద ఒక్క దెబ్బ పడగానే గాయకుడి గొంతు లోపలికి కుంగి, మళ్లీ తేలుతుంది. అప్పటికీ పట్టకపోతే శబ్ద తరంగాల తలలు తెగిపోతాయి (క్లిప్పింగ్, అంటే మోత చిట్లి గరగరలాడటం). వీటన్నిటి మీదా పక్కనున్న మనిషి గొంతెత్తి పాడుతుంటాడు. మన ఊళ్లలో పద్యనాటకం జరిగేటప్పుడు టేపు రికార్డరు తెచ్చి హారన్ దగ్గర పెట్టినవాళ్లకు ఈ బాధ తెలుసు. పద్యం కన్నా ‘వన్స్ మోర్’ కేకలే స్పష్టంగా వచ్చేవి.

ఇలా జనంలో నుంచి పట్టినది ఒక రకం. రెండో రకం టేపు మిక్సర్ బోర్డు (మైకులన్నిటినీ కలిపి స్పీకర్లకు పంపే యంత్రం) నుంచి నేరుగా తీసింది. ఇందులో మాట స్పష్టంగా ఉంటుంది గానీ జనం ఉండరు, చప్పట్లు ఎక్కడో దూరంగా వినిపిస్తాయి. చిన్న హాల్లో అయితే ఇంకో చిక్కు. గిటారు దాని సొంత స్పీకరులోనే గట్టిగా మోగుతుంది కాబట్టి బోర్డులో దాన్ని తగ్గించి పెడతారు. దాంతో టేపులో గిటారు చిక్కిపోతుంది. పట్టుదల ఉన్న సేకర్తలు ఈ రెండు రకాల టేపులనూ జోడించి ఒకటి చేస్తారు. నా లెక్కలో అది దొంగతనం కన్నా ఎక్కువగా పనితనం.

ప్రదర్శనను ఇలా పట్టే పని రాక్ కన్నా పాతది. 1901 నుంచి 1903 దాకా న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో లైబ్రేరియన్ లయొనెల్ మేపుల్‌సన్ జరుగుతున్న ప్రదర్శనలను మైనపు సిలిండర్ల మీదికి ఎక్కించాడు. ఆనాటి కొందరు గాయకులు వేదిక మీద ఎలా పాడేవారో తెలియడానికి ఇవాళ ఆ గరగరలే ఆధారం. రాక్‌లో ఇది వ్యాపారమైంది 1969లో. ఆ ఏడాది నవంబరులో ఓక్లాండ్‌లో రోలింగ్ స్టోన్స్ ఇచ్చిన కచేరీని ఎవరో పట్టి డిస్కుగా అచ్చేశారు. 1970లో ఆ బృందమే సొంత కచేరీ ఆల్బమ్ తెచ్చింది. దొంగ డిస్కు అమ్మకం చూశాకే తెచ్చారని చాలామంది నమ్ముతారు. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం ఇంకో దారి పట్టింది. 1984 నుంచి రికార్డు చేసుకునేవాళ్లకు హాల్లో విడిగా చోటిచ్చింది. టేపులు మార్చుకోవచ్చు, అమ్ముకోకూడదు.

సూరత్‌కు దగ్గర్లోనూ ఒక కథ ఉంది. 1972లో లెడ్ జెప్లిన్ బృందపు జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ బొంబాయి వచ్చి స్థానిక వాద్యకారులతో రెండు పాటలు రికార్డు చేశారు. అది కచేరీ కాదు, స్టూడియో ప్రయోగం. ఆ పాటలు విడుదల కాలేదు గానీ నకళ్లు చేతులు మారాయి. చివరికి 2015లో ‘కోడా’ ఆల్బమ్ కొత్త ముద్రణలో అధికారికంగా వచ్చాయి. మధ్యలో 43 ఏళ్లు వాటిని వినాలంటే దొంగ టేపే దిక్కు.

మరి స్టేడియంలో ఫోనెత్తినవాళ్లంతా నేరస్తులేనా? కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుడికి మొదట ఏ హక్కూ లేదు. 1994 సవరణతో అది వచ్చింది. 2012లో సెక్షన్ 38ఎ దాన్ని బలపరిచింది. తన ప్రదర్శనను రికార్డు చేయడం, నకళ్లు తీయడం, జనానికి అందించడం ప్రదర్శకుడి హక్కు. ప్రదర్శకుడంటే గాయకుడొక్కడే కాదు, చట్టం పాములాడించేవాణ్ని కూడా పేరు పెట్టి చెప్పింది. సూరత్ గర్బా మైదానంలో పాడేవాళ్లూ, మన హరికథా దాసుగారూ ఈ లెక్కలోకే వస్తారు.

కానీ సెక్షన్ 39 ఒక వెసులుబాటు ఇచ్చింది. సొంతానికి వినడానికో, బోధనకో, పరిశోధనకో చేసుకున్న రికార్డింగు ఉల్లంఘన కాదు. అంటే రికార్డు బటన్ నొక్కితే తప్పు లేదు. ఆ నకలును జనంలోకి వదిలితేనే తప్పు మొదలవుతుంది. సినిమా హాల్లో అలా కాదు. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ ప్రకారం అక్కడ అనుమతి లేకుండా రికార్డు చేయడమే నేరం. మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. హాల్లో ఒక్క దొంగ ప్రింటు సినిమా వసూళ్లనే దెబ్బతీస్తుంది, కచేరీకి ఫోను క్లిప్పు అలాంటి పోటీ కాదు. అందుకే నాకు ఈ తేడా సబబుగానే తోస్తుంది. అయితే టికెట్టు వెనకాల నిర్వాహకులు రాసుకునే షరతులు వేరు. రికార్డింగు వద్దని అక్కడ ఉంటే దాన్ని బట్టి బయటికి పంపవచ్చు.

కచేరీ మొత్తం పట్టి యూట్యూబ్‌లో పెట్టినా, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి అమ్మినా సెక్షన్ 63 వర్తిస్తుంది. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. వ్యాపార లాభం కోసం చేసింది కాకపోతే కోర్టు కారణాలు రాసి శిక్ష తగ్గించవచ్చు. ప్రదర్శకుడి హక్కు గడువు మొదట 25 ఏళ్లు ఉండేది, 1999లో 50 ఏళ్లు చేశారు. ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం మొదటి రోజు నుంచి లెక్క. అహ్మదాబాద్ కచేరీ మీద కోల్డ్‌ప్లే హక్కు 2075 డిసెంబరు 31 దాకా ఉంటుంది.