ట్రాక్టర్ మానిఫోల్డ్ గాస్కెట్: శబ్దం చేయని లీకు

వేసవి దుక్కులలో రోటావేటర్ వెంట లేచే ధూళి మధ్యనే ట్రాక్టర్ ఇంజను గాలి పీల్చుకోవాలి. ఆ ధూళిని ఎయిర్ క్లీనర్ ఆపుతుంది. అయితే వడకట్టిన గాలి సిలిండర్‌ను చేరేలోగా మరికొన్ని అతుకులను దాటాలి. వాటిలో చివరిది, ఇన్‌లెట్ మానిఫోల్డ్ సిలిండర్ హెడ్‌కు అమరే చోటు. అక్కడి గాస్కెట్‌నే వర్క్‌షాపులలో ‘ప్యాకింగ్’ అంటారు. శిక్షణ తరగతులలో ఎయిర్ క్లీనర్‌కు ఇచ్చే ప్రాధాన్యం దీనికీ ఇవ్వడం అవసరం.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ లీకు దాగదు. పూర్తి లోడుపై వెలువడే వాయువుల ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్‌ను దాటవచ్చు. ఆ వేడికి మానిఫోల్డ్ వ్యాకోచించి, ఇంజను ఆపాక సంకోచిస్తుంది. ఏళ్ల తరబడి సాగే ఈ కదలికకు నట్లు వదులై, గాస్కెట్ కాలిపోతుంది. అతుకు వద్ద మసి చార కనిపిస్తుంది, టిక్‌టిక్ శబ్దం వినిపిస్తుంది. లోహం వేడెక్కాక శబ్దం తగ్గవచ్చు గనుక చల్లని ఇంజనును స్టార్టు చేయగానే గమనించాలి.

ఇన్‌లెట్ లీకు స్వభావం వేరు. పెట్రోలు కారులో థ్రాటిల్ కవాటం వల్ల మానిఫోల్డ్‌లో పీడనం బాగా పడిపోతుంది. చిన్న లీకుకే ఐడ్లింగ్ తడబడుతుంది. సాధారణ డీజిల్ ట్రాక్టరులో ఆ కవాటం ఉండదు. డ్రైవరు చేతితో లాగే థ్రాటిల్ ఇంధన పంపును మాత్రమే నియంత్రిస్తుంది. కనుక లీకు ఉన్నా ఇంజను మామూలుగానే నడుస్తుంది. ఈలోగా మట్టిలోని సిలికా రేణువులు రింగులను, లైనర్లను అరగదీస్తాయి. ఆయిల్ ఖర్చు, నీలిపొగ కనిపించేసరికి ఓవర్‌హాల్ తప్పదు. అప్పుడూ పాత ప్యాకింగ్‌నే బిగిస్తే కొత్త రింగులకూ అదే గతి పడుతుంది. టర్బో ఇంజనులో మాత్రం లోపలి గాలే బయటకు పోయి, శక్తి తగ్గి నల్లపొగ వస్తుంది.

మానిఫోల్డ్ విప్పినప్పుడు ముందుగా చూడవలసింది ధూళి జాడ. గొట్టం శుభ్రంగా ఉండి పోర్టు అంచున మాత్రమే ధూళి పేరుకొని ఉంటే దోషం గాస్కెట్‌దే. గొట్టంలోనే ధూళి ఉంటే ఎయిర్ క్లీనర్‌ను, హోస్ క్లిప్పులను అనుమానించాలి.

విప్పే పని ఇంజను పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. తుప్పుపట్టిన స్టడ్లకు తుప్పు వదిలించే నూనె ముందురోజే పట్టించడం మేలు; హెడ్‌లో విరిగిన స్టడ్‌ను తీయడం గాస్కెట్ మార్పుకన్నా పెద్ద పని. పోర్టులలో గుడ్డలు కుక్కి, వాటిని లెక్కపెట్టుకోవాలి. పాత గాస్కెట్‌లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. తడిపి గీకాలే తప్ప పొడిగా రుద్దరాదు, గాలి కొట్టరాదు.

ఎక్కువ మంది వదిలేసేది సమతలాన్ని సరిచూడటం. మానిఫోల్డ్ ముఖంపై స్ట్రెయిట్ ఎడ్జ్ ఉంచి, సందును ఫీలర్ గేజ్‌తో కొలవాలి. కొలత మాన్యువల్‌లోని పరిమితిని మించితే ముఖాన్ని మెషినింగ్ చేయించాలి. వంగిన మానిఫోల్డ్‌ కింద కొత్త గాస్కెట్ కూడా నిలవదు. గాస్కెట్ రంధ్రాలు పోర్టులకు సరిపోవాలి, అంచు లోపలికి పొడుచుకు రాకూడదు. నట్లను మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతలుగా, టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పిన మేరకు బిగించాలి. ఇంజను వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించాలని మాన్యువల్‌లో ఉంటే, ఆ పని పూర్తయ్యేవరకు ట్రాక్టరును దుక్కికి పంపరాదు.